‘చేయగలగాలి’ - ‘చేసుకోగలిగేలా’: ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థుల ఆవశ్యక సామర్థ్యాల ప్రకటనలపై విమర్శ (గోదావరిఖని నేపథ్యం)

వ్యాససంగ్రహం:

ఆక్యుపేషనల్ థెరపీ కోర్సులో చేరే విద్యార్థికి ఉండవలసిన శారీరక, మానసిక, భాషాపరమైన శక్తులను విద్యాసంస్థలు ‘ఆవశ్యక సామర్థ్యాలు’ అనే పేరుతో ప్రకటిస్తుంటాయి. ఈ ప్రకటనలను ఒక రచనారూపంగా స్వీకరించి, వాటి క్రియాపదాలను, ఆ క్రియాపదాల వెనుక ఉన్న శరీరభావనను విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘చేయగలగాలి’ అనే క్రియ విద్యార్థి దేహాన్ని కొలుస్తుంది. ఈ వృత్తి లక్ష్యమేమో రోగి తన పని తాను ‘చేసుకోవడం’. ఈ రెండు క్రియల మధ్య ఉన్న దూరాన్ని, ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అనే మాటలు కుటుంబాల భవిష్యత్తును నిర్ణయించే గోదావరిఖని బొగ్గుగని సమాజం నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆక్యుపేషనల్ థెరపీ, ఆవశ్యక సామర్థ్యం, వైకల్యం, ఆత్మార్థక క్రియ, తెలంగాణ మాండలికం, సింగరేణి, అన్‌ఫిట్.

1. ఉపోద్ఘాతం:

ప్రవేశ నిబంధనలను సాహిత్య విమర్శకులు సాధారణంగా చదవరు. అవి కార్యాలయ పత్రాలుగానే మిగిలిపోతాయి. అయితే ఒక మనిషిని తరగతి గదిలోకి రానిచ్చే వాక్యమూ, గడప దగ్గరే ఆపివేసే వాక్యమూ ఆ పత్రాలలోనే ఉంటాయి. వాటిలో కర్త ఎవరు, క్రియ ఏది, ఆ క్రియ ఫలితం ఎవరికి చెందుతుంది అనే ప్రశ్నలు వ్యాకరణానికి సంబంధించినవి. ఆ కారణంగానే అవి తెలుగు పరిశోధకుల పరిధిలోకి వస్తాయి.

పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని ఈ పరిశీలనకు తగిన స్థలం. 1920 నుంచి సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరుతో నడుస్తున్న సంస్థకు రామగుండం ప్రాంతం ముఖ్యమైన గనుల కేంద్రం. 2022లో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడంతో, కార్మికుల శరీరాలు గనులకు మాత్రమే కాక వైద్యవిద్యకు కూడా అధ్యయన విషయమయ్యాయి. నడుము దెబ్బతిన్నవారు, వేళ్లు కోల్పోయినవారు, పక్షవాతం వచ్చినవారు, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవారు ఉండే సమాజంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుకు ఉండవలసిన సామర్థ్యం ఏమిటి? ఈ ప్రశ్నకు ప్రవేశ ప్రకటనల భాష సరిపోతుందా?

2. పేరులోని చిక్కు:

ఈ శాస్త్రానికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. ‘వృత్తి చికిత్స’ అనే అనువాదం తరచుగా కనిపిస్తుంది. కాని తెలుగులో ‘వృత్తి’ జీవనోపాధిని, చాలా సందర్భాలలో కులవృత్తిని సూచిస్తుంది. గని ప్రాంతంలో ‘వృత్తి వ్యాధి’ అనే మాట కూడా వాడుకలో ఉంది. అక్కడ ‘వృత్తి చికిత్స’ అంటే ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బుకు చేసే వైద్యమనో, కార్మికుణ్ణి మళ్లీ గనిలోకి పంపడానికి చేసే వైద్యమనో అర్థమయ్యే అవకాశం ఉంది. సంక్షిప్తరూపం మరో చిక్కు తెస్తుంది. ఏ ఆసుపత్రిలోనైనా ‘ఓటీ’ అంటే ముందుగా తోచేది శస్త్రచికిత్స గది.

ఈ శాస్త్రం దృష్టిలో ‘ఆక్యుపేషన్’ అంటే ఉద్యోగం మాత్రమే కాదు. పళ్లు తోముకోవడం, లుంగీ కట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, మనవణ్ణి ఆడించడం, పండుగనాడు గుడికి వెళ్లడం, తోటివారితో కూర్చుని మాట్లాడుకోవడం అన్నీ అందులోకి వస్తాయి. మనిషి కాలాన్ని అర్థవంతంగా నింపే ప్రతి పనీ ఆక్యుపేషనే. ‘వ్యాపకం’ అనే తెలుగు మాట దీనికి కొంత దగ్గరగా ఉన్నా, తీరిక వేళల పని అనే ఛాయ దానికి ఉంది. పేరు స్థిరపడనంతవరకు ఆ వృత్తికి కావలసిన సామర్థ్యాల జాబితా కూడా అస్పష్టంగానే ఉంటుంది. చికిత్సను ఉద్యోగంతో ముడిపెట్టుకున్నవారు చికిత్సకుడిలో కండబలం వెతుకుతారు. జీవితమంతటితో ముడిపెట్టుకున్నవారు వినే శక్తిని, ఊహించే శక్తిని వెతుకుతారు.

3. సామర్థ్యాల పట్టిక - పూర్వరంగం:

3.1 చరకసంహిత:

వైద్యవిద్యార్థి లక్షణాలను పట్టికగా చెప్పడం కొత్త విషయం కాదు. చరకసంహితలోని విమానస్థానం శిష్యుని లక్షణాలను వివరిస్తూ బుద్ధి, వినయం, ధైర్యాలతోపాటు అంగవైకల్యం లేకపోవడాన్ని, ఇంద్రియాలు చెడకుండా ఉండటాన్ని కూడా చేర్చింది. అదే గ్రంథంలోని సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలను చెప్పింది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నలుగురికీ వేర్వేరు గుణాలున్నాయి. పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, అనురాగం, శుచి కావాలి. రోగికి ఉండవలసిన గుణాలలో ‘జ్ఞాపకత్వం’ ఒకటి. తన బాధను వైద్యునికి తెలియజెప్పగలగడం దాని అర్థం.

ఈ రెండు భాగాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు ఒక భేదం స్పష్టమవుతుంది. శిష్యుని లక్షణాలలో దేహాన్ని పరీక్షించే దృష్టి ఉంది. నాలుగు పాదాల విభజనలో సామర్థ్యం ఒక్కరి శరీరంలో కాక నలుగురి మధ్య పంచబడి ఉంది. ఆధునిక ప్రకటనలు మొదటి దృష్టినే ఎక్కువగా అనుసరించాయి.

3.2 ఆధునిక పట్టిక:

అమెరికాలో 1973 నాటి పునరావాస చట్టం, సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే సంస్థలు వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని నిర్దేశించింది. వినికిడి లోపమున్న ఒక అభ్యర్థిని నర్సింగ్ శిక్షణకు నిరాకరించిన డేవిస్ కేసులో 1979లో అక్కడి సుప్రీంకోర్టు కళాశాల పక్షాన తీర్పునిచ్చింది. అదే సంవత్సరం అమెరికా వైద్య కళాశాలల సంఘం పరిశీలన, సంభాషణ, చలనశక్తి, మేధాశక్తి, ప్రవర్తన అనే ఐదు విభాగాలతో సాంకేతిక ప్రమాణాలను రూపొందించింది. తరువాతి కాలంలో ఆక్యుపేషనల్ థెరపీతో సహా అనేక ఆరోగ్యవిద్యల ఆవశ్యక సామర్థ్యాల ప్రకటనలలో ఈ ఐదు విభాగాల ఛాయ కనిపిస్తుంది.

అయితే ఈ వృత్తి సొంత చరిత్ర ఈ చట్రంలో ఇమడదు. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఆక్యుపేషనల్ థెరపీ జాతీయ సంఘాన్ని స్థాపించినవారిలో జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ ఒకరు. ఆయన వాస్తుశిల్పి. క్షయరోగి. పాదంలో కొంత భాగం కోల్పోయి, ఎడమవైపు పక్షవాతంతో బాధపడి, చేతిపనుల ద్వారా తన దేహాన్ని తిరిగి అదుపులోకి తెచ్చుకున్నవాడు. నేటి చలనశక్తి ప్రమాణాలను అక్షరాలా వర్తింపజేస్తే ఈ వృత్తి స్థాపకులలో ఒకరికి ఈ వృత్తి విద్యలో ప్రవేశం దొరకడం కష్టం. ఈ శాస్త్రంలోని తొలి జ్ఞానంలో కొంత భాగం వైకల్యం అనుభవించిన శరీరం నుంచే వచ్చింది.

భారతదేశంలో 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యదేశాలలో భారతదేశం ఉంది. 2021 నాటి అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, ఈ విద్య గురించిన ఆలోచన భారతీయ భాషలలో తగినంతగా సాగలేదు.

4. క్రియాపద పరిశీలన:

4.1 ‘చేయగలగాలి’:

ఆవశ్యక సామర్థ్యాల ప్రకటనలను తెలుగులోకి తెస్తే వాక్యాలు దాదాపు ఒకే అచ్చులో వస్తాయి. విద్యార్థి రోగిని ఎత్తగలగాలి, వంగగలగాలి, ఎక్కువసేపు నిలబడగలగాలి, చూడగలగాలి, వినగలగాలి. ‘కలుగు’ అనే సహాయక క్రియ శక్తిని, ‘ఆలి’ విధిని తెలియజేస్తాయి. రెండూ కలిసినప్పుడు శక్తి ఉండటమే విధి అవుతుంది. పని ఏ పద్ధతిలో, ఏ సాధనంతో, ఎవరి తోడ్పాటుతో జరుగుతుందో చెప్పవలసిన అవసరం ఈ వాక్యానికి లేదు. దీని వ్యతిరేకరూపం ‘చేయలేడు’. నడుమ మరొక స్థితికి ఈ జంటలో చోటు లేదు.

అశక్తతకు తెలుగులో మరో మాట ‘చేతకాదు’. చేయి అనే అవయవానికీ, చేయు అనే క్రియకూ ద్రావిడ భాషాశాస్త్రం వేర్వేరు ధాతువులను చూపుతుంది. వ్యుత్పత్తి వేరైనా వాడుకలో రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చేయి ఉంటేనే చేత, చేయి పోతే చేతకానితనం అన్న భావన భాషలో నిశ్శబ్దంగా పనిచేస్తుంది. ఈ కలయికను విడదీసి చూడటం ఆక్యుపేషనల్ థెరపీకి ప్రాథమిక పాఠం. చేయి పోయినా చేత పోనక్కరలేదని రోగికి చూపడమే ఆ శాస్త్రం పని. అదే శాస్త్రం తన విద్యార్థి విషయంలో మాత్రం చేయినీ చేతనూ ఒకటిగా లెక్కించడం వైరుధ్యం.

4.2 ‘చేసిపెట్టడం’, ‘చేయించడం’, ‘చేసుకోవడం’:

సంరక్షణకు సంబంధించిన క్రియలను తెలుగు చాలా సూక్ష్మంగా వేరుచేస్తుంది. ‘తినిపించడం’ తల్లి చేసే పని, నర్సు చేసే పని. అందులో రోగి స్వీకర్త మాత్రమే. ‘చేసిపెట్టడం’లో ప్రేమ ఉంది, కాని ఎదుటివాని పని తన చేతిలోకి తీసుకోవడం కూడా ఉంది. ‘పని చేయించడం’ గని ప్రాంతంలో సర్దార్ మాట, ఓవర్‌మన్ మాట. అందులో అధికారం ఉంది.

వీటికి భిన్నమైనది ‘కొను’ చేరిన ఆత్మార్థక క్రియ. తోముకోవడం, కడుక్కోవడం, దువ్వుకోవడం, తుడుచుకోవడం, కట్టుకోవడం, తొడుక్కోవడం, కలుపుకోవడం. ఆక్యుపేషనల్ థెరపీ ‘స్వీయసంరక్షణ’ అని పిలిచే పనులలో అత్యధికం తెలుగులో ఈ ‘కొను’తోనే ముగుస్తాయి. కర్త చేసిన పని ఫలితం కర్తకే చెందడం ఈ క్రియ లక్షణం. ఇంగ్లీషు పాఠ్యగ్రంథం ఒక అధ్యాయంలో వివరించే భావనను తెలుగు వ్యాకరణం ఒక ప్రత్యయంలో ఇమిడ్చింది.

ఈ దృష్టితో చూస్తే చికిత్సకుని పనిని సరిగా చెప్పే క్రియ ‘చేయగలగాలి’ కాదు. రోగి ‘చేసుకోగలిగేలా చూడటం’ అతని పని. ఇందులో ఇద్దరు కర్తలున్నారు. ప్రధానకర్త రోగి. విద్యార్థి సామర్థ్యం రోగి సామర్థ్యానికి దారి కావడంలో ఉంది. ప్రవేశ ప్రకటనలు ఈ రెండో కర్తను పూర్తిగా వదిలివేస్తున్నాయి.

5. చట్టం అనుసరించిన మార్గం:

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని నిర్దేశించింది. సహేతుకమైన సర్దుబాటు చేయకపోవడాన్ని వివక్షగా పరిగణించింది. అయినప్పటికీ ఎంబీబీఎస్ ప్రవేశాలకు 2019లో ప్రకటించిన మార్గదర్శకాలు రెండు చేతులూ లోపం లేకుండా, స్పర్శతో, తగిన బలంతో ఉండాలని కోరాయి. ఇవి ఆక్యుపేషనల్ థెరపీకి చెందిన నిబంధనలు కావు. కాని ఆరోగ్యవిద్య మొత్తం మీద అవి నెలకొల్పిన దృష్టి గమనించదగినది.

సుప్రీంకోర్టు ఈ దృష్టిని వరుస తీర్పులలో సరిదిద్దింది. 2024 అక్టోబరు 15న ఓంకార్ గోండ్ కేసులో, వైకల్యశాతం నిర్ణీత పరిమితిని చేరినంత మాత్రాన అభ్యర్థి అనర్హుడు కాడని, అతడు కోర్సు చదవగలడా అన్నది బోర్డు పరిశీలించాలని పేర్కొంది. అదే నెలలో ఓం రాథోడ్ కేసులో పనితీరు ఆధారిత మదింపు అవసరాన్ని నొక్కిచెప్పింది. 2025 ఫిబ్రవరి 21న అన్మోల్ కేసులో ‘రెండు చేతులూ లోపం లేకుండా’ అన్న నిబంధనకు చట్టంలో చోటు లేదని తేల్చింది.

ఈ తీర్పుల సారాన్ని వ్యాకరణ పరిభాషలో చెప్పవచ్చు. ‘చేయి ఉందా?’ అనే ప్రశ్న నుంచి ‘పని జరుగుతుందా?’ అనే ప్రశ్నకు న్యాయస్థానం కదిలింది. ఆక్యుపేషనల్ థెరపీ మరొక అడుగు ముందుకు వేయవలసి ఉంది. ‘ఎదుటివాడు చేసుకుంటున్నాడా?’ అన్నది దాని సొంత ప్రశ్న.

6. గోదావరిఖనిలో ‘అన్‌ఫిట్’:

గని సమాజంలో సామర్థ్యానికి సంబంధించిన మాటలు రెండే. ఒకటి ‘ఫిట్’, మరొకటి ‘అన్‌ఫిట్’. 1952 గనుల చట్టం, 1955 గనుల నియమాల నుంచి ఈ విభజన బలపడింది. ఉద్యోగంలో చేరేముందు, తరువాత నిర్ణీత వ్యవధులలో జరిగే వైద్యపరీక్షల ఫలితం ఈ రెండు మాటలలో తేలుతుంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన కాలంలోనూ, యంత్రాలు వచ్చిన కాలంలోనూ భూగర్భంలో పనిచేసే దేహానికి ప్రమాణం అవసరమే. ఆ ప్రమాణం కార్మికుని ప్రాణరక్షణకు ఏర్పడింది.

కాని సింగరేణిలో ‘అన్‌ఫిట్’ వైద్యపదంగా మిగలలేదు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో ఉమ్మడి హైకోర్టు కొట్టివేసిన తరువాత, వైద్యపరంగా అనర్హులుగా నిర్ణయింపబడిన కార్మికుల కుటుంబసభ్యులకు కారుణ్య నియామకాలు కల్పించే పద్ధతి అమలులోకి వచ్చింది. ఫలితంగా ఒక తండ్రి అశక్తత ఒక కొడుకు లేదా కూతురు జీవనాధారమైంది. ‘నాయిన అన్‌ఫిట్ అయిండు, కొడుక్కు నౌకరి వచ్చింది’ అన్న తీరులోని మాటలో దుఃఖం, ఊరట విడదీయరానంతగా కలిసి ఉంటాయి.

ఈ స్థితి ఆక్యుపేషనల్ థెరపీకి కఠినమైన ప్రశ్నను సంధిస్తుంది. పక్షవాతం వచ్చిన కార్మికుడు చొక్కా గుండీలు తానే పెట్టుకోగలిగిన రోజున చికిత్సకుడు సంతోషిస్తాడు. ఆ ఇంటివారు మాత్రం ఆ విషయం బోర్డు ముందు ఎలా కనిపిస్తుందోనని భయపడవచ్చు. ఇది ఎవరి నిజాయితీకీ సంబంధించిన ప్రశ్న కాదు. రెండే మాటలున్న భాష సృష్టించిన భయం ఇది. గుండీలు పెట్టుకోవడం వేరు, భూగర్భంలో ఎనిమిది గంటలు పనిచేయడం వేరు. గనికి అన్‌ఫిట్ అయిన మనిషి ఇంటికి, వీధికి, స్నేహానికి, తన దేహానికి అన్‌ఫిట్ కానవసరం లేదు. ఒక పని విషయంలో వెలువడిన నిర్ణయం మొత్తం మనిషిపై వేసిన ముద్రగా మారకుండా చూడటం ఇక్కడి చికిత్సకునికి ఉండవలసిన సామర్థ్యం.

ప్రవేశ ప్రకటనకూ ఈ ముద్రకూ పోలిక ఉంది. విద్యార్థిని ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’గా మాత్రమే విభజించే విద్య, రోగిని వేరేవిధంగా చూడమని ఆ విద్యార్థికి నేర్పడం కష్టం. తాను ఏ కొలతతో లోపలికి వచ్చాడో, అదే కొలతను అతడు రోగికి వర్తింపజేసే ప్రమాదం ఉంది.

7. వినే సామర్థ్యం - రోగి భాష:

ప్రకటనలలో ‘సంభాషణ’ అనే విభాగం సాధారణంగా ఇంగ్లీషులో చదవడం, రాయడం, నివేదించడం గురించి మాట్లాడుతుంది. గోదావరిఖనిలో రోగి చెప్పే మొదటి వాక్యం ‘శాతనైతలేదు’ కావచ్చు. ‘చేతనవడం లేదు’ అన్నదానికి ఇది తెలంగాణ రూపం. ఈ ఒక్క మాటలో నొప్పి, నీరసం, ఆయాసం, కండరాల బలహీనత, మనసు లేకపోవడం అన్నీ ఇమిడి ఉండవచ్చు. ‘నడుము గుంజుతున్నది’, ‘తిమ్మిరెక్కుతున్నది’, ‘దమ్ము వస్తున్నది’, ‘పానం బాగుంటలేదు’ అన్నవి ఒకదానికొకటి బదులు వాడదగిన మాటలు కావు. ‘దమ్ము’ విన్న విద్యార్థి ఊపిరితిత్తుల గురించి, బొగ్గుదుమ్ము గురించి ఆలోచించాలి. ‘శాతనైతలేదు’ విన్న విద్యార్థి ‘ఏ పని శాతనైతలేదు బాపూ?’ అని అడగగలగాలి. చరకసంహిత రోగి గుణంగా చెప్పిన జ్ఞాపకత్వం సార్థకం కావాలంటే, ఆ మాటను అందుకోగల చెవి ఎదుట ఉండాలి. ఇక్కడ ‘చెవి’ అంటే అవయవం కాదు. వినికిడి లోపమున్న విద్యార్థి కూడా తగిన సాధనంతో, రాతతో, సహాయకునితో ఈ మాటను అందుకోగలడు. మంచి వినికిడి ఉండి, మాండలికాన్ని చిన్నచూపు చూసే విద్యార్థి అందుకోలేడు.

మదింపు సాధనాలకు కూడా ఈ విచక్షణ అవసరం. రోజువారీ పనులలో స్వతంత్రతను కొలవడానికి విస్తృతంగా వాడే బార్తెల్ సూచిక 1965లో ప్రచురితమైంది. దాని మూలరూపంలో భోజనానికి సంబంధించిన అంశం ఆహారాన్ని కోసుకోవడాన్ని, వెన్న రాసుకోవడాన్ని పేర్కొంటుంది. తెలుగు రోగికి అసలు పరీక్ష అన్నంలో పప్పు కలుపుకొని, ముద్ద చేసుకొని, నోటిదాకా తెచ్చుకోవడం. చెంచాతో తినగలిగినంత మాత్రాన అతడు ‘అన్నం తిన్నట్టు’ భావించకపోవచ్చు. నేలమీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం వంటివి పాశ్చాత్య పట్టికలలో కనిపించవు. కనిపించని పనిని గుర్తించగలగడం ఇక్కడి విద్యార్థికి ఆవశ్యక సామర్థ్యమే.

కుటుంబంతో మాట్లాడటం మరింత సున్నితమైనది. భార్య భర్తకు అన్నం కలిపి పెట్టడం ఆ ఇంట్లో ప్రేమ, బాధ్యత. ‘మీరు కలపకండి’ అని ఆమెకు చెబితే అది నిందలా వినిపిస్తుంది. ‘ఇయ్యాల మొదటి ముద్ద బాపునే కలుపుకోనిద్దామా అమ్మా’ అన్న మాట ఆమెను చికిత్సలో భాగస్వామిని చేస్తుంది. ఈ నేర్పును ఏ చలనశక్తి ప్రమాణమూ కొలవలేదు.

8. ఒక అభ్యంతరం - పరిశీలన:

రోగి భద్రత మాటేమిటన్న అభ్యంతరం న్యాయమైనది. మంచం నుంచి కుర్చీలోకి మారే రోగి జారిపడితే, విద్యార్థి హక్కుల గురించిన చర్చ అతనికి ఊరటనివ్వదు. కనుక ప్రమాణాలే వద్దనడం సమంజసం కాదు. ప్రమాణాన్ని ఏ క్రియతో రాస్తున్నామన్నదే ప్రశ్న.

‘విద్యార్థి రోగిని ఎత్తగలగాలి’ అన్న వాక్యం కండబలాన్ని కోరుతుంది. ‘రోగి పడిపోకుండా కుర్చీలోకి మారేలా విద్యార్థి చూడగలగాలి’ అన్న వాక్యం భద్రతను కోరుతుంది. రెండవది మొదటిదానికన్నా సులువైనది కాదు. ఆ వాక్యం ప్రకారం విద్యార్థికి రోగి బలం ఎంతో తెలియాలి. జారుడు పలక, ఎత్తే యంత్రం, సహాయకుడు వీటిలో ఏది అవసరమో నిర్ణయించాలి. అవసరమైన క్షణంలో ఆపాలి. బలముండి ఈ వివేచన లేని విద్యార్థి మొదటి వాక్యంలో ఉత్తీర్ణుడై రెండవ వాక్యంలో తప్పుతాడు. బలం తక్కువై వివేచన ఉన్న విద్యార్థి రెండవ వాక్యంలో నిలుస్తాడు. తగిన సర్దుబాట్లు కల్పించిన తరువాత కూడా భద్రతను నిర్వహించలేని సందర్భం ఉంటే, అప్పుడు నిరాకరణకు ఆధారం ఉంటుంది. ఆ నిరాకరణ అవయవం చూసి కాక పని చూసి జరుగుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఆవశ్యక సామర్థ్యాల ప్రకటనలు ‘చేయగలగాలి’ అనే క్రియతో విద్యార్థి దేహాన్ని కొలుస్తూ, ఆ వృత్తికి ప్రధానకర్త అయిన రోగిని విస్మరిస్తున్నాయి.

• తెలుగులోని ఆత్మార్థక ‘కొను’ ఈ శాస్త్ర లక్ష్యాన్ని సూటిగా చెప్పగల వ్యాకరణరూపం. ‘చేసుకోగలిగేలా చూడటం’ అనే క్రియతో ప్రమాణాలను తిరిగి రాస్తే భద్రత తగ్గదు, ప్రవేశద్వారం విస్తరిస్తుంది.

• గోదావరిఖని వంటి చోట ‘అన్‌ఫిట్’ అనే మాటకున్న ఆర్థిక, కుటుంబ బరువును అర్థం చేసుకోవడం, రోగి మాండలికాన్ని గౌరవంతో అందుకోవడం ఆవశ్యక సామర్థ్యాలలో చేరవలసిన అంశాలు.

• ఈ శాస్త్రానికి తగిన తెలుగు పేరును, పరిభాషను, మాండలిక పదాల పట్టికను రూపొందించే పనిలో ఆరోగ్యవిద్యా సంస్థలతోపాటు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పాలుపంచుకోవాలి. నొప్పికి, అలసటకు, అశక్తతకు కార్మికులు వాడే మాటల సేకరణ ఇందుకు తొలి మెట్టు.

గనికి పనికిరాదని తేలిన చేయి ఇంట్లో అన్నం కలుపుకోవడానికి పనికొస్తుంది. ఆ సంగతి కనిపెట్టి, ఆ చేతికి ఆ పని తిరిగి అప్పగించగలవాడే ఈ విద్యకు అర్హుడు. ప్రవేశ ప్రకటన అడగవలసిన ప్రశ్న అదే.